మరల పూయు దుంప

పునరుత్థానపు పండుగ దినములలో ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతపు గ్రామములలో గుడికి వెళ్లినప్పుడు, బల్ల ప్రక్కనో గుమ్మము దగ్గరనో ఒక పూలకుండీ కనబడుట కలదు. అందులో ఉల్లిగడ్డవంటి పెద్ద దుంప సగము మన్నులోను సగము పైకిని ఉండును. దానినుండి ఆకులేని లావుపాటి కాడ నిటారుగా లేచి, కొనయందు బూరలవంటి ఎఱ్ఱని పువ్వులు మూడో నాలుగో నలుదిక్కులకు తిరిగి విచ్చియుండును. కొందరు దానిని ఎఱ్ఱ లిల్లీ అందురు. కొందరు ఈస్టరు లిల్లీ అందురు. మొక్కలమ్మువారు అమరిల్లిస్ అందురు.

పండుగనాడు పిల్లలును పెద్దలును దానిని చూచి సంతోషింతురు. పక్షము దినములు గడవకమునుపే రేకులు ముడుచుకొని, కాడ వంగిపోవును. అప్పుడు ఆ కుండీ ఏమగును? గుడి వెనుకకు, నూతిగట్టు ప్రక్కకు చేరును. పిమ్మట దానిని చూచువారు లేరు. మరుసటి సంవత్సరము మరియొక కుండీ కొని తెత్తురు. పాత దుంప ఏమైనదని ఎవరును అడుగరు. ఆ పాత దుంప మాటయే ఈ నెల మీతో చెప్పదలచితిని. ఇది పువ్వు చరిత్రయే గాని, మన తెలుగు అచ్చుపుస్తకముల చరిత్రయును, మనలో మూలకు చేరిన మనుష్యుల సంగతియును దీనితో కలిసియున్నవి.

నేనును ఈ దుంపను గూర్చి తెలియనివాడనై ఒకప్పుడు తప్పు చేసితిని. ఒక కుండీ తెచ్చి మూడేండ్లు దినదినము నీళ్లు పోసితిని. ఆకులు ఏపుగా పెరిగెను గాని పువ్వు మాత్రము రాలేదు. నాలుగవ యేట దానిని పెరికి పారవేయబోవుచుండగా, పొరుగింటి ముసలమ్మ చూచి, “అయ్యగారండీ, దానికి నీళ్లెక్కువైపోయాయండి. కార్తీకంలో ఓ మూల పొడిగా పెట్టెయ్యండి. పెట్టిన సంగతి మాత్రం మర్చిపోకండి” అనెను. ఆమె చెప్పినట్లు చేసితిని. ఆ యేడు గుడ్ ఫ్రైడేకు ముందే మొగ్గ వచ్చినది. ఆమె చెప్పిన రెండు మాటలలో మొదటిది తోటపని. రెండవది ఏమిటో ఈ చరిత్ర చదివిన తరువాత మీకే తెలియును.

ఈ మొక్క మన దేశపుది కాదు. దక్షిణ అమెరికాలోని బ్రెజిల్, పెరూ, బొలీవియా మొదలైన దేశములు దీని పుట్టిల్లు. అక్కడ అనేక చోట్ల వాన కురియు నెలలు వేరు, చినుకు రాలని నెలలు వేరు. వానలున్నప్పుడు మొక్క ఆకులు వేసి, ఎండను వెలుగును త్రాగి, తన ఆహారమును దుంపలో దాచుకొనును. వానలు పోయినప్పుడు ఆకులు రాల్చి నేలలో ఊరకుండును. పైనుండి చూచువానికి అది చచ్చినట్లే ఉండును.

పేరు విషయములో పెద్ద వాదము జరిగినది. 1753లో స్వీడను దేశపు పండితుడు లిన్నేయసు అమరిల్లిస్ అను పేరును తన గ్రంథములో వ్రాసెను. అది రోమా కవి వర్జిల్ పద్యములలోని ఒక గొల్లపడుచు పేరు. 1821లో విలియం హెర్బర్టు అను ఇంగ్లీషు పాదిరి అమెరికా దుంపలకు హిప్పియాస్ట్రం అను వేరుపేరు పెట్టెను. గ్రీకు భాషలో రౌతు, నక్షత్రము అను రెండు మాటలను కలిపిన పేరిది. ఏ పేరు ఏ మొక్కకు చెల్లునని పండితులు చాలకాలము తర్కించిరి. తుదకు 1987లో బెర్లినులో కూడిన వృక్షశాస్త్రజ్ఞుల మహాసభలో అమరిల్లిస్ అను పేరు దక్షిణాఫ్రికా మొక్కకే ఉండవలెనని తీర్మానమైనది. అయినను అంగళ్లలో మన ఎఱ్ఱ పువ్వుకు పాత పేరే నిలిచిపోయినది.

దీనికి మన దేశములోనే చుట్టములు కలవు. కాలువల ప్రక్కను, చిత్తడి నేలలలోను తెల్లని సన్నరేకుల పువ్వులు పూయుచు, పొడవైన ఆకులతో పెరుగు కేసరచెట్టును మీరెరుగుదురు. అదియు దుంపమొక్కయే, ఈ కుటుంబములోనిదే. అట్టి మొక్కలను శ్రద్ధగా చూచి వ్రాసినవారిలో విలియం రాక్స్‌బరో అను వైద్యుడు ముఖ్యుడు. అతడు 1781 మొదలుకొని సామర్లకోటలో నుండి మన గోదావరి సీమ మొక్కలను పరిశీలించి, వాటి తెలుగు పేర్లను సహా వ్రాసికొనెను. 1793లో కలకత్తా తోటకు అధిపతిగా వెళ్లెను. అతని పుస్తకములను తరువాత అచ్చు వేయించినవాడు ఎవరో తెలియునా? మిషనెరీ విలియం కేరీ. ఆయన సంగతికి వచ్చుటకు ముందు గడియారముల పనివాడొకని గూర్చి చెప్పవలెను.

ఇంగ్లాండులోని లాంకషైరు సీమలో ప్రెస్కాట్ అను ఊరిలో ఆర్థర్ జాన్సన్ అను గడియారముల పనివాడుండెను. అతడు 1799 ప్రాంతములో ఈ దుంపజాతులలో రెండింటిని కలిపి క్రొత్త మొక్కను పుట్టించెను. ఎఱ్ఱని రేకు నడుమ తెల్లని చారగల పువ్వది. ఈ జాతిలో మనుష్యుని చేతిమీదుగా పుట్టిన మొదటి సంకరమొక్క అదియే అని చెప్పుదురు. అతని పేరుమీదనే అది నేటివరకు పిలువబడుచున్నది. జాన్సన్ తన దుంపలలో కొన్నిటిని లివర్‌పూలు తోటకు పంచిపెట్టెను. పిమ్మట అతని గాజుపలకల మొక్కలగది పాడైనను, పంచిపెట్టిన దుంపలు బ్రతికియున్నందున ఆ పువ్వు లోకమునకు దక్కినదని చరిత్ర చెప్పుచున్నది. తనకొరకే దాచుకొన్నయెడల దానితో కూడ పోయెడిది. ఇంతకు అతడు పండితుడు కాడు, ధనవంతుడు కాడు. చిన్న చిన్న చక్రములను ఓపికతో అమర్చుకొను చేతిపనివాడు. మీ పెరటిలో తెల్లచారల ఎఱ్ఱపువ్వు కనబడినప్పుడు అతనిని జ్ఞాపకము చేసికొనుడి.

ఆ లివర్‌పూలు తోటకే మన దేశమునుండి మొక్కలు పంపినవారిలో విలియం కేరీ ఒకడు. కేరీ మొదట చెప్పులు కుట్టువాడు. 1793లో బెంగాలునకు వచ్చెను. 1800లో శ్రీరాంపూరు చేరి, మార్షమన్, వార్డు అను తోటి సేవకులతో కలిసి ముద్రాక్షరశాల నడిపెను. అక్కడనే సుమారు అయిదు ఎకరముల తోట వేసెను. పగలు కళాశాలలో బోధించుటయు, తర్జుమా చేయుటయు ఆయన పని. తెల్లవారుజామున తోటలో తిరుగుటయు ప్రార్థించుటయు ఆయన విశ్రాంతి. దుంపమొక్కలనిన ఆయనకు మిక్కిలి ప్రీతి. కేసరచెట్టు జాతిలో ఒక మొక్కకు పైన చెప్పిన హెర్బర్టు పాదిరి 1820వ దశకములో కేరీ పేరే పెట్టెను. 1820లో కేరీ కలకత్తాలో వ్యవసాయ ఉద్యాన సంఘమును స్థాపించెను. ఆ సంఘపు తోట నేటికిని అలీపూరులో నున్నది. తరువాతి శతాబ్దములో సిడ్నీ పెర్సీ-లాంకాస్టరు అను తోట నిపుణుడు ఆ సంఘములో నుండియే మన ఎఱ్ఱదుంపలలో అనేక క్రొత్త రకములను పెంచెను.

కేరీని గూర్చి ఒక చిన్న సంగతి చాల కాలముగా చెప్పబడుచున్నది. ఒకసారి ఇంగ్లాండునుండి విత్తనముల సంచి వచ్చెను. విత్తనములు తీసికొన్న తరువాత అడుగున మిగిలిన మట్టిని ఆయన పారవేయక తోటలో నీడపట్టున దులిపెను. కొన్ని దినములకు ఆ మట్టిలోనుండి తన చిన్ననాటి పొలములలో పూచు డెయిజీ పువ్వు మొలిచెను. దానిని చూచి ఆయన చిన్నపిల్లవానివలె సంతోషించెను. ఖాళీ సంచిని సహా పారవేయుటకు ముందు ఒకమారు దులిపి చూచు అలవాటు ఆయనకుండెను.

ఆ అలవాటు ఆయనకు తోటలోనే గాక అచ్చుశాలలోను అక్కరకు వచ్చినది. 1812 మార్చి 11వ తేదీ సాయంకాలము శ్రీరాంపూరు ముద్రాక్షరశాలకు నిప్పంటుకొనెను. ఆ దినమున కేరీ కలకత్తాలో నుండెను. కాగితము కాలిపోయెను, తూర్పుదేశ భాషల అచ్చక్షరములు కరిగిపోయెను, ఏండ్ల తరబడి వ్రాసిన ప్రతులు బూడిదయ్యెను. ఆ బూడిదలో మన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు ఒకటి. ప్రియ చదువరీ, మన జిల్లాలలో ఎన్నడును కాపురముండని మనుష్యుడొకడు మన భాషను నేర్చుకొని, దాని వ్యాకరణమును వ్రాసి, అచ్చునకు సిద్ధపరచగా, అది ఒక్క రాత్రిలో పోయినది.

తరువాత ఏమి జరిగెను? బూడిదను త్రవ్వగా, అక్షరములు చేయుటకు మూలమైన ఉక్కు ముద్రలును, పోతపోయు మూసలును చెడకుండ దొరికెను. దుంప దొరికినది! కరిగి గడ్డకట్టిన సీసమును మరల కాచి, ఆ మూసలలోనే పోసి, పనివారు కొలదికాలములోనే అక్షరములు చేయనారంభించిరి. కేరీ మరల మొదటినుండి వ్రాసెను. 1814లో తెలుగు వ్యాకరణము అచ్చయి బయటికి వచ్చెను. 1818లో శ్రీరాంపూరునుండి తెలుగు క్రొత్త నిబంధన వచ్చెను. ఈనాడు మీ చేతిలోనున్న బైబిలు భాష అనేకుల చేతులలో సరిదిద్దబడి వచ్చినదే గాని, దాని తొలి మెట్లలో ఒకటి ఆ బూడిదలోనుండి లేచినదని మరువవద్దు.

అగ్నితో కథ ముగియలేదు. 1823లో దామోదర నది పొంగి శ్రీరాంపూరుమీదికి వచ్చెను. కేరీ ఏండ్లతరబడి పెంచిన తోట వరదనీటిలో మునిగి నాశనమయ్యెను. అదే కాలమున ఆయన నదీతీరమున జారిపడి తుంటికి గట్టి దెబ్బ తగిలి మంచమునబడెను. అప్పటికి ఆయన వయస్సు 62 సంవత్సరములు. మంచమునుండి లేచిన తరువాత ఆయన చేసిన పనులలో మరల తోట వేయుట ఒకటి. కొల్లేటి లంకలవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు చేను మునుగుట, నీరు తీసిన తరువాత బురదలో దిగి మరల మొదలుపెట్టుట మీ ఇండ్లలో తాతలనాటినుండి వచ్చుచున్న పనియే.

అయితే నిజము చెప్పవలెనన్నచో కేరీ చరిత్రలో పూవు రాని కొమ్మ ఒకటి ఉన్నది. దానిని దాచుట న్యాయము కాదు. ఆయన భార్య డారతీ సముద్రము దాటి వచ్చుటకు మొదట ఒప్పుకొనలేదు. తరువాత చంటిబిడ్డను ఎత్తుకొని వచ్చినది. 1794లో వారి అయిదేండ్ల కుమారుడు పీటరు రోగముచేత మరణించెను. ఆ దుఃఖముతో ఆమె మనస్సు చెదరెను. ఆ కాలమున అట్టి రోగమునకు వైద్యము లేదు. చాలకాలము ఆమెను ఒక గదిలో ఉంచి కాపాడవలసివచ్చెను. ప్రక్కగదిలో తర్జుమా సాగుచుండెను. 1807లో ఆమె కన్నుమూసెను. మొక్కలకు అంత ఓపిక చూపిన ఇంటిలో ఆమెకు చాలినంత ఓపిక దొరికెనా? తీర్పు తీర్చుటకు మనమెవరము? కాని ఇట్టి వేదనగల స్త్రీలు, పురుషులు మన సంఘములలోను ఉన్నారు. నేడు ఆ రోగములకు వైద్యమున్నది, మందులున్నవి. వారిని గదిలో పెట్టి తలుపు మూయుట విశ్రాంతి ఇచ్చుట కాదు. ఈ లోకములో మరల పూయని దుంపలు కొన్ని కలవు. వారిని ప్రభువు తన దినమున లేపునని నమ్ముదుము. అంతవరకు వారి ప్రక్కన కూర్చుండుట మన పని.

ఇప్పుడు దుంప లోపల ఏమి జరుగునో చెప్పెదను. ఈ మొక్క నాలుగేసి ఆకులకు ఒక పూమొగ్గ చొప్పున దుంప లోపల కట్టుకొనుచు పోవును. ఈ ఈస్టరునకు మీరు చూచిన పువ్వు ఈ ఈస్టరునాటిది కాదు. అది ఎన్నో నెలల క్రిందటనే, పోయిన వానకాలపు ఆకులు పనిచేయుచుండగనే, దుంప చీకటిలో చిన్న మొగ్గగా మొదలైనది. కాబట్టి పువ్వు వాడగానే ఆకులను కోసివేయువాడు రాబోవు ఏటి పువ్వును కోసివేయుచున్నాడు. ఎవరును మెచ్చుకొనని ఆ పచ్చని ఆకులే వచ్చే పండుగను కట్టుచున్నవి.

ఎండబెట్టుట ఎందుకు? నీళ్లు మాన్పుటవలన పువ్వు పుట్టదు, అది ముందే లోపలనున్నది. ఆకులు వేయు పని ఆగి, మొగ్గలన్నియు ఒక వేళకు బయలుదేరుటకు ఆ విశ్రాంతి తోడ్పడును. మన కాలువలను చూడుడి. ప్రతి వేసవిలోను ఏలూరు కాలువను కట్టివేయుదురు. గట్లు బాగుచేయుదురు, పూడిక తీయుదురు. నీరులేని కాలువను చూచి రైతు ఏడ్చునా? ఏడ్వడు. ఏరువాకనాటికి నీరు వదలుదురని వానికి తెలియును. కట్టివేసినవారు తేదీ మరువరు. మరచినయెడల అది విశ్రాంతి కాదు, కరవే.

మీరు ఈ దుంపను పెంచదలచినయెడల ఇట్లు చేయుడి. కుండీ పెద్దది అక్కరలేదు. దుంపకు చుట్టును రెండు వ్రేళ్ల వెడల్పు చాలును. అడుగున రంధ్రము తప్పక ఉండవలెను. కొల్లేటి ప్రాంతపు నల్లబంకమన్ను ఒక్కటే వేసిన నీరు నిలిచి దుంప క్రుళ్లిపోవును. తాడేపల్లిగూడెము మెట్టలోని ఎఱ్ఱమన్ను రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగుగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలుపుడి. దుంప మెడయు, పైభాగము మూడవవంతు నుండి సగమువరకును మన్ను పైకి కనబడునట్లు నాటుడి. కుండీని వెలుతురుగల కిటికీ దగ్గరనో, వసారాలోనో పెట్టుడి. మొలక కనబడువరకు నీళ్లు కొంచెముగానే పోయుడి. దుంప కావలసినయెడల కడియము నర్సరీలలో అడుగుడి. సందేహములు తీర్చుకొనుటకు 2007లో తాడేపల్లిగూడెము దగ్గర వెంకటరామన్నగూడెములో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయము మన ప్రాంతములోనే ఉన్నది.

పూచుట ముగిసిన తరువాత వాడిన పువ్వులను మాత్రమే గిల్లివేయుడి. కాడ తనంతట పండువరకు ఉంచుడి. ఆకులను తాకవద్దు. వేసవి యెండ మాడ్చకుండ ఉదయపు ఎండ తగులు చోట ఉంచి నీళ్లు పోయుడి, నెలకొకసారి కొంచెము ఎరువు వేయుడి. వానకాలములో కుండీలో నీరు నిలువనీయవద్దు. నల్లని గొంగళిపురుగులు ఆకులను రాత్రికి రాత్రి తినివేయును గనుక సాయంకాలము చూచి ఏరివేయుడి. నవంబరు మొదట నీళ్లు తగ్గించి, నెల మధ్యకు పూర్తిగా మాన్పుడి. అది తుపానుల కాలము గనుక కుండీని ఆరుబయట విడువక ఇంటిలోనికి తెచ్చి, పొడిగా చల్లగానుండు మూల పెట్టుడి. ఆకులు పండినవి తీసివేయవచ్చును. మన వెచ్చని దేశములో కొన్ని ఆకులు పచ్చగానే నిలుచును. వాటిని పెరుకవద్దు. ఎనిమిది మొదలు పది వారములు అట్లే ఉంచి, జనవరి నెల చివరను పైమన్ను కొంచెము మార్చి, ఒకసారి బాగుగా నీళ్లు పోసి వెలుతురులోనికి తెండి. ఆరు మొదలు ఎనిమిది వారములలో, అనగా శ్రమకాలపు దినములలో, పువ్వు రావచ్చును.

దుంప ప్రక్కన పిల్లదుంపలు పుట్టును. వాటిని విడదీసి ఇరుగుపొరుగువారికి పంచుడి. అవి పూయుటకు రెండు మూడేండ్లు పట్టును. జాన్సన్ దుంపలు ఎందుచేత దక్కెనో చదివితిరి గదా. ఒక హెచ్చరిక: ఈ దుంప ఉల్లిగడ్డవలె కనబడును గాని విషము గలది, తినినయెడల వాంతులగును. పిల్లలకును పశువులకును అందకుండ ఉంచుడి. వంటయింటిలో ఉల్లిపాయల బుట్ట దగ్గర ఎన్నడును పెట్టవద్దు.

ఒక మాట మరువకుడి. మూలకు పెట్టిననాడే కుండీకి ఒక చీటీ కట్టి, బయటికి తీయవలసిన తేదీ వ్రాయుడి. విశ్రాంతికి పెట్టిన దుంపయు, విడిచివేసిన దుంపయు చూపునకు ఒక్కటే. రెండును ఎండిన మన్నులో, చీకటిమూలలో, ఆకులు లేక ఉండును. భేదము దుంపలో లేదు. దానిని జ్ఞాపకముంచుకొన్నవాడు ఒకడున్నాడా లేడా అనునదే భేదము.

మన సంఘములు పుట్టిన విధమును చూడుడి. 1841లో రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు అను ఇద్దరు బందరునకు వచ్చిరి. నోబులు బడి పెట్టి పిల్లలకు చదువు చెప్పెను. ఏండ్లు గడిచెను గాని ఒక విద్యార్థియు బాప్తిస్మము పొందలేదు. ఫాక్సు 1848లో మరణించెను, ఫలమును చూడలేదు. 1852లో ఇద్దరు యౌవనులు బాప్తిస్మము పొందిరి. వెంటనే తలిదండ్రులు తమ పిల్లలను తీసికొనిపోగా బడి దాదాపు ఖాళీ అయ్యెను. మరల మెల్లగా నిండెను. 1854లో ఏలూరులో మిషను పని ప్రారంభమయ్యెను. ఆ పదునొకండు సంవత్సరములను ఎండిన సంవత్సరములందుమా? అవి ఆకుల సంవత్సరములు. మొగ్గ లోపల కట్టుచుండెను.

ప్రియ చదువరీ, మీ సంఘములో మూలకు చేరినవారు ఎవరు? ఒకప్పుడు క్రిస్మసు నాటకములో ముందు నిలిచి, ఇప్పుడు హైదరాబాదుకు పనికి పోయి గుడిమెట్టు ఎక్కని కుర్రవాడు ఉండవచ్చును. ఒకప్పుడు ఇంటింటికి తిరిగి వాక్యము చదివి, ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో అరుగు దిగలేని అమ్మ ఉండవచ్చును. ఒక తగవులో నోరుజారి, సిగ్గుపడి వెనుకబల్లకు పోయిన పెద్ద ఉండవచ్చును. పూచిన కాలములో వారిని అందరము చూచితిమి. వాడిన తరువాత నూతిగట్టున పెట్టితిమి. వారు మరల పూయరని మనకెవరు చెప్పిరి? లూకా సువార్త పదుమూడవ అధ్యాయములో ఫలింపని అంజూరపు చెట్టును నరికివేయుమని యజమానుడు చెప్పగా, తోటమాలి మరియొక సంవత్సరము గడువు అడిగెను. ఊరకనే అడుగలేదు, చుట్టు త్రవ్వి ఎరువు వేయుదునని తన చేతిపనిని పూచీగా పెట్టి అడిగెను. గడువు అడుగువాడు పార పట్టుకొనవలెను.

కాబట్టి ఈ యేడు ఈస్టరు పువ్వులు వాడినప్పుడు ఆ కుండీని పారవేయకుడి. స్త్రీల సమాజమువారు ఒక్కొక్క కుండీని ఒక్కొక్క ఇంటికి పంపుడి. సండేస్కూలు పిల్లలచేత తేదీ వ్రాయించుడి. ఆ చీటీ వెనుకవైపు మీకు మాత్రమే తెలియునట్లు మనుష్యుని పేరు ఒకటి వ్రాసికొనుడి. కుండీకి నీళ్లు పోసిన దినమున ఆ మనుష్యుని యింటికి వెళ్లుడి. ఏమి చెప్పవలెనో తెలియనియెడల ఊరక కూర్చుండి, యోగక్షేమములు అడిగి రండి. దుంప పూచునో పూయదో మన చేతిలో లేదు. తేదీ మరువకుండుట మన చేతిలో ఉన్నది.

మన తండ్రి మనలను మూలనుంచిన దినములలోను మన తేదీ మరువలేదు. ఆయన కృప మీకును మీ ఇంటివారికిని తోడైయుండును గాక. ఆమెన్.